టక్ అంటుంది, తిరగదు

భిలాయ్‌లో సుపేలాలోనో పవర్ హౌస్ దగ్గరో మెకానిక్ షెడ్డుకి బండి తోసుకెళ్లి "సెల్ఫ్ నహీ ఉఠా రహా, భయ్యా" (సెల్ఫ్ ఎత్తుకోవడం లేదన్నా) అంటే, చెయ్యి తిరిగిన మెకానిక్ వెంటనే స్పానర్ అందుకోడు. ఇంకోసారి నొక్కమని చెవి ఒగ్గుతాడు. అసలు చప్పుడే లేకపోవడం వేరు, ఒక్కసారి 'టక్'మని ఆగిపోవడం వేరు, 'టకటకటక'మని వణకడం వేరు. మనకు మాత్రం అన్నీ ఒకటే: బ్యాటరీ పోయింది. కొత్తది కొనేస్తాం. నెల తిరక్కుండా మళ్లీ అదే షెడ్డుకి వెళ్తాం.

ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఇంజన్ను తొలిసారి కదిలించడానికి సెల్ఫ్ మోటారు చాలా కరెంటు లాగుతుంది. కారులో వంద ఆంపియర్లు దాటడం మామూలే. ఇంట్లో సీలింగ్ ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు. అంత కరెంటును చిన్న బటన్ గుండా పంపితే బటన్ మాడిపోతుంది. అందుకని మధ్యలో సోలినాయిడ్ పెట్టారు. బటన్ నొక్కినప్పుడు వెళ్లే కొద్దిపాటి కరెంటు దాని తీగచుట్టను అయస్కాంతంగా మారుస్తుంది. అది ఇనప కడ్డీని లాగుతుంది. కడ్డీ చివరనున్న రాగి పలక వెళ్లి రెండు లావాటి బోల్టులను కలుపుతుంది. 'టక్' అన్నది ఆ పలక తగిలిన చప్పుడు.

బ్యాటరీ నీరసించినా పలకను లాగేంత శక్తి దానిలో మిగిలే ఉంటుంది. పలక తగలగానే మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది, వోల్టేజి పడిపోతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, పలక వెనక్కి వస్తుంది. బరువు దిగగానే బ్యాటరీ కాస్త తేరుకుని పలకను మళ్లీ లాగుతుంది. సెకనుకి ఎన్నోసార్లు జరిగే ఈ లాగుడు–వదులుడే టకటక. చాలామంది సోలినాయిడ్ పాడైందని మార్చేస్తారు గానీ, చాలాసార్లు సోలినాయిడ్ బాగుందని చెప్పే చప్పుడది. ఒక్క 'టక్'తో ఆగిపోతే మాత్రం పలక మాడి కరెంటు దాటడం లేదనో, మోటారు బిగుసుకుపోయిందనో అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే లోపం ఫ్యూజులోనో, స్విచ్చిలోనో, సోలినాయిడ్ చుట్టకు వెళ్లే సన్న వైరులోనో ఉంటుంది. స్కూటర్లకైతే ముందు బ్రేక్ లీవరు చూడండి. అది నొక్కితే గాని సెల్ఫ్ అందదు, లీవరు కింది చిన్న స్విచ్చిలో దుమ్ము చేరితే బండి మొత్తం మూగబోతుంది.

భిలాయ్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి బ్యాటరీలోని నీరు ఆవిరై, బయటపడిన పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడుతుంది. వేసవిలో జరిగిన నష్టం వేసవిలో కనబడదు. డిసెంబరులో, పొద్దున ఆరు గంటల షిఫ్టుకి బయలుదేరేటప్పుడు బయటపడుతుంది. చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. జనం చలిని తిట్టుకుంటారు.

మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తోంది కదా, బ్యాటరీ బాగానే ఉందని వాదించేవాళ్లున్నారు. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత చూపిస్తే ఏం లాభం? సెల్ఫ్ నొక్కి ఉంచి చూడాలి. 9.5 కంటే కిందికి జారితే ముందు బ్యాటరీనే అనుమానించాలి. జారకపోయినా మోటారు నీరసంగా తిరుగుతుంటే దారిలో ఎక్కడో వోల్టులు ఆవిరైపోతున్నాయి. వంద ఆంపియర్ల దారిలో 0.02 ఓమ్‌ల అడ్డంకి చాలు, రెండు వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. ఆ రెండు వోల్టులూ 200 వాట్ల వేడిగా మారతాయి కాబట్టి, తుప్పు పట్టిన టెర్మినల్ చేతికి వెచ్చగా తగులుతుంది. మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ గుబ్బ మీద, రెండోది మోటారు బోల్టు మీద పెట్టి సెల్ఫ్ నొక్కండి. అర వోల్టు దాటకూడదు. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య అలాగే చూడండి. ఎర్త్ వైరును ఎవరూ పట్టించుకోరు. నా అంచనాలో అనవసరంగా మార్చిన సెల్ఫ్ మోటార్లలో చాలావాటి పాపం దానిదే.

ఇదంతా మరో మెట్టు పైకి వెళ్లేది పెట్రోలు గోల్ఫ్ కార్ట్‌లో. మన రిసార్టుల్లో, క్యాంపస్‌లలో తిరిగేవి ఎక్కువగా బ్యాటరీ బండ్లే. పెట్రోలు రకంలో ఒక తమాషా ఉంది. పెడల్ తొక్కితే ఇంజన్ లేస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. ఒక్క ఆట ముగిసేలోగా పదులసార్లు స్టార్ట్ కావాలి. అందుకని చాలా మోడళ్లలో స్టార్టరునూ జనరేటరునూ విడదీయలేదు. బెల్టు కట్టిన ఒకే యంత్రం ముందు ఇంజన్ను తిప్పుతుంది, ఇంజన్ లేచాక దానిచేతే తిరుగుతూ బ్యాటరీని నింపుతుంది.

ఈ ఏర్పాటు పాతదే. అమెరికాలో చార్లెస్ కెటెరింగ్ 1912 మోడల్ కాడిలాక్ కారుకి అమర్చిన సెల్ఫ్ కూడా ఇలా రెండు పనులూ చేసిన యంత్రమే. అంతకుముందు ఆయన దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్‌కి మోటారు అమర్చాడు. కొద్ది సెకన్లే అయితే చిన్న మోటారును దాని స్తోమతకి మించి వాడుకోవచ్చని అక్కడే గ్రహించాడు. సెల్ఫ్‌ను అదేపనిగా నొక్కి పట్టుకోవద్దనేది కూడా అందుకే. ఆగి ఉన్న మోటారు తిరిగే మోటారు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. తిరగడం మొదలయ్యాకే దానిలో ఎదురు వోల్టేజి పుట్టి ఆ గుంజుడుని తగ్గిస్తుంది.

మన రైలు పట్టాల మీద దశాబ్దాలపాటు నడిచిన డబ్ల్యూడీఎమ్-2 డీజిల్ ఇంజన్లదీ ఒకే యంత్రంతో రెండు పనులు చేయించే కిటుకే. బ్యాటరీల కరెంటును నేరుగా ప్రధాన జనరేటరుకి ఇచ్చి, దాన్నే మోటారులా తిప్పి ఇంజన్ను లేపేవారు.

రెండు పనులూ ఒకటే యంత్రం చేస్తే జబ్బు ఒకచోట, నొప్పి ఇంకోచోట. కార్ట్ పొద్దున చక్కగా స్టార్ట్ అయి మధ్యాహ్నానికి టకటకమంటే తప్పు స్టార్టరుది కాదు, ఛార్జింగుది. గేరు న్యూట్రల్‌లో పెట్టి (పెడల్‌తో ఇంజనే కాదు, బండీ కదులుతుంది మరి) ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజి చూడాలి. 14 దగ్గరికి రావాలి. 12 దగ్గరే వేలాడుతుంటే ముందు ఇంజన్ ఆపి బెల్టు చూడండి. వదులైన బెల్టు స్టార్ట్ చేసేటప్పుడు కీచుమంటూ జారుతుంది, ఛార్జింగ్ అప్పుడు చప్పుడు లేకుండా జారుతుంది. బెల్టు బిగువుగానే ఉంటే, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు విప్పి చూడాలి. మోటారు ఒంటిమీద స్పానర్‌తో రెండు తట్లు తట్టగానే బండి లేస్తే సందేహం అక్కర్లేదు, బ్రష్‌లు అరిగి కమ్యుటేటర్‌ని అందుకోలేకపోతున్నాయి. తట్టడం వల్ల ఆ పూట గడుస్తుంది, అంతే.

విప్పి బాగుచేసి బిగించాక ఇంజన్ లేస్తుంది గానీ ఛార్జ్ కాదు, అదీ జరుగుతుంది. జనరేటరు లోపలి ఇనుములో మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంతత్వం ఆ విప్పదీతల్లో పోతే, తొలి కరెంటు పుట్టడానికి ఆధారం ఉండదు. బండి మాన్యువల్‌లో చూపిన ఫీల్డ్ టెర్మినల్‌కి బ్యాటరీ కరెంటును ఒక్క క్షణం తాకించి తీసేస్తే సరి. ఈ చిన్న పని తెలియక కొత్త రెగ్యులేటరు కొన్నవాళ్లూ ఉంటారు.