ఇలకోడి: నేలకూ చెట్టుకూ నడుమ జీవనం

వేసవిలో చెట్లపై మారుమోగే ఇలకోడి (సికాడా) ధ్వని మగ పురుగుది. కీచురాయి రెక్కలను రాపాడించి శబ్దం చేయగా, ఇలకోడి పొట్టకు ఇరువైపులా ఉన్న పొరలను కంపింపజేస్తుంది. ఆడ పురుగు చిరుకొమ్మలను చీల్చి గుడ్లు పెడుతుంది. పిల్లలు నేలకు రాలి, మట్టిలో వేళ్ల రసం పీలుస్తూ ఏళ్ల తరబడి పెరుగుతాయి. ఉత్తర అమెరికాలోని కొన్ని జాతులకు ఇందుకు 13 లేదా 17 ఏళ్లు పడుతుంది.

వాటి సొరంగాల గుండా మట్టిలోకి గాలి, నీరు చేరుతాయి. వెలుపలికి వచ్చిన పురుగులు పక్షులకు ఆహారమవుతాయి. మరణించినవి నేలకు నత్రజనిని అందిస్తాయి.

ఇందుకూరుపేట వంటి నెల్లూరు తీరప్రాంతాలలో రొయ్యల గుంటల కోసం చెట్లు తొలగించి నేలను తవ్వినచోట, వేళ్లను ఆశ్రయించిన రాబోయే ఏళ్ల తరాలూ నశిస్తాయి. ఇలకోడిని కాపాడటమంటే చెట్టుతోపాటు దాని కింది నేలనూ కాపాడటమే.