ఒకే కాగితం, రెండు రెక్కలు

మోడల్ విమానం అనగానే అందరికీ మోటారు, బ్యాటరీ, రిమోట్ గుర్తొస్తాయి. వాటన్నిటికంటే ముందు ఒక కాగితం ఉంటుంది. అదే ప్లాన్. విమానం ఎంత ఉంటుందో సాధారణంగా ప్లాన్ కూడా అంతే ఉంటుంది. దాన్ని సాఫ్ట్ బోర్డు మీద పరిచి, గీతల మీదే బాల్సా చెక్క పుల్లలు పెట్టి, గుండుసూదులతో కదలకుండా నిలిపి, అక్కడికక్కడే అతికిస్తాం. కాగితమే స్కేలు, కాగితమే అచ్చు అన్నమాట.

చిక్కేంటంటే, జిగురుకి చెక్క ఏదో కాగితం ఏదో తెలీదు. రెండిటినీ అతికించేస్తుంది.

మా ఏరో క్లబ్‌లో ఎప్పుడో ఎవరో వదిలివెళ్ళిన ట్రైనర్ ప్లాన్ ఒకటుంది. రెక్కలు రెండూ కలిపి 1200 మి.మీ. కానీ గీసింది ఎడమ రెక్క ఒక్కటే. పాత ప్లాన్లు చాలావరకు ఇంతే, కాగితం పొదుపు. కుడి రెక్క కట్టాలంటే ప్లాన్‌ని తిరగేసి, వెనక వైపు కాస్త నూనె రాయాలి. మిరపకాయ బజ్జీల పొట్లం చూశారుగా, నూనె అంటిన చోట అవతల ఉన్నది కనబడుతుంది. కాగితం పీచుల మధ్య ఉన్న గాలి వల్ల వెలుగు చెదిరిపోయి కాగితం తెల్లగా కనిపిస్తుంది. ఆ సందుల్లోకి నూనె చేరితే వెలుగు అంతగా చెదరదు, గీతలు ఇవతలికి కనబడతాయి.

మా ప్లాన్‌లో నాలుగో రిబ్ (రెక్కకి పక్కటెముక అనుకోండి) ఉండాల్సిన చోట కాగితమే లేదు. ఎవరో ఎడమ రెక్కని లాగినప్పుడు ఆ ముక్క దాంతోపాటే వెళ్ళిపోయింది. ఇప్పుడు కుడి రెక్కకి ఆ రిబ్ ఎక్కడ పెట్టాలో చెప్పే గీత లేదు.

ఇంకో జిరాక్స్ తీస్తే పోలా అంటారా? తీయొచ్చు. కానీ కాపీ ఒక్క శాతం సాగినా 600 మి.మీ. రెక్కకి 6 మి.మీ. తేడా. రెండు రెక్కలూ ఒకే కాగితం మీద కడితే తప్పు రెండు వైపులా ఒకేలా వస్తుంది, విమానం సర్దుకుపోతుంది. ఒక రెక్క పాత కాగితం మీద, రెండోది కొత్త కాపీ మీద కడితే రెండూ సమానంగా రావు.

అందుకే ప్లాన్ మీద ఏదో ఒకటి కప్పాలి. ఏది కప్పాలో జిగురుని బట్టి ఉంటుంది.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో ఉన్న నీళ్ళు చెక్కలోకి, గాలిలోకి పోతేనే అది గట్టిపడుతుంది. కింద పాలిథీన్ ఉంటే అటు వైపు నీళ్ళకి దారి లేదు. పైన ఆరినట్టు కనిపించినా అడుగు మెత్తగానే ఉంటుంది. రాత్రంతా వదిలేయడమే మంచిది, వర్షాకాలంలో ఇంకొంచెం ఎక్కువే. నాకు మాత్రం ఇదే ఇష్టం. పుల్ల వంకరగా కూర్చుంటే సరిచేసుకునే టైమ్ ఇస్తుంది.

ఫెవిక్విక్ రకం జిగురు, అంటే సయనోయాక్రిలేట్, పూర్తిగా వేరే జాతి. దానికి ఆరడం అక్కర్లేదు. గాలిలో, చెక్క మీద ఉన్న కొద్దిపాటి తేమ తగిలితే చాలు, సెకన్లలో గట్టిపడుతుంది. 1942లో కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురిచూసే భాగాలకి పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతూ దీన్ని చూసి, అన్నిటికీ అంటుకుంటోందని పక్కన పడేసింది. 1958లో అదే జిగురుగా అమ్మకానికొచ్చింది. పల్చటి రకం నీళ్ళలా పారి, సూది గుచ్చిన కన్నం గుండా కవర్ కిందకీ దిగుతుంది. కాబట్టి జాయింట్ల దగ్గర సూదులు గుచ్చకూడదు, కాస్త పక్కన గుచ్చాలి. ఇంకా భయంగా ఉంటే కవర్ వేసే ముందు జాయింట్ల చోట ప్లాన్ మీద కొవ్వొత్తి రుద్దండి. దూది, నూలు గుడ్డతో మాత్రం ఈ జిగురు తుడవొద్దు, చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. థర్మోకోల్ మీద మామూలు రకం వేస్తే థర్మోకోల్ కరిగిపోతుంది.

అరాల్డైట్ లాంటి ఎపాక్సీ బరువెక్కువ. మోటారు బిగించే చెక్కకి, రెక్కలు రెండూ కలిసే చోటికి సరే. రిబ్‌లకి దండగ.

ఈ మూడూ పాలిథీన్‌ని గట్టిగా పట్టుకోలేవు, దాని ఉపరితలం అలాంటిది. సయనోయాక్రిలేట్ సీసాలు చాలావరకు పాలిథీన్‌వే, అందుకే లోపల బుద్ధిగా ఉంటుంది. మైనం కాగితం కూడా వాడతారు గానీ, మైనం పుల్లకి అంటితే తర్వాత అక్కడ జిగురు సరిగ్గా పట్టదు. వంటింటి క్లింగ్ ఫిల్మ్ ముడతలు పడుతుంది, ముడత మీద కూర్చున్న రిబ్ ఎత్తుగా నిలబడుతుంది. నా ఓటు ముడతల్లేని పల్చటి ట్రాన్స్‌పరెంట్ పాలిథీన్‌కి. బోర్డు అంచుల దగ్గర టేపుతో బిగుతుగా లాగి అతికించాలి.

కాగితం తిరగేశాక ఈ కవర్‌కి రెండో డ్యూటీ పడుతుంది. నూనె చెక్కకి అంటితే జిగురు పట్టదు. అందుకని నూనె పల్చగా రాసి, మిగిలింది తుడిచి, ఒక రోజు ఆగి, అప్పుడు పాలిథీన్ వేయాలి.

రెక్క తీసేటప్పుడు ముందు సూదులన్నీ తీయాలి. తర్వాత అంచు టేపు విప్పి రెక్కని, కవర్‌ని కలిపే పైకెత్తాలి. ప్లాన్ బోర్డు మీదే ఉండిపోతుంది. ఆ తర్వాత రెక్కని బోర్లా పెట్టి, అరటిపండు తొక్క తీసినట్టు కవర్‌ని మెల్లగా ఒలవాలి. రెక్కని లాగకూడదు, కవర్‌నే లాగాలి.