కయ్యానికి కారణం కావాలి

వారం వారం వచ్చే రెజ్లింగ్ కార్యక్రమాన్ని ఎవరైనా మెచ్చుకుంటే వెంటనే వినబడే మాట ఒకటుంది: అదంతా ముందే రాసుకున్నదే కదా అని. నిజమే. 1989లో ఈ రెజ్లింగ్ నడిపే కంపెనీవాళ్లే న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు. క్రీడా కమిషన్ ఆంక్షలు, పన్ను తప్పుతాయని ఆ పని చేశారు. ‘మండే నైట్ రా’ మొదలైంది 1993 జనవరిలో. అంటే గుట్టు బయటపడ్డాక పుట్టిన కార్యక్రమమే ముప్పై ఏళ్లు దాటి నడుస్తోంది. ఫలితం ముందే తెలియడం జనాన్ని దూరం చేసేదే అయితే అది ఈపాటికి మూతపడాలి.

గోదావరి జిల్లాలవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రాజమండ్రి చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ నాటకం తీసుకోండి. ఆకాశాన పోతున్న గయుడు ఉమ్మిన తాంబూలం అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం చేశాడు. శత్రువెవరో తెలుసుకోకుండానే గయుడికి అర్జునుడు అభయమిచ్చేశాడు. ఇక బావాబావమరుదులు తలపడక తప్పదు. ఇద్దరిలో ఎవరూ చావరని పందిట్లో పసివాడికీ తెలుసు. పద్యం కంఠతా వచ్చినవాడే ‘వన్స్‌మోర్’ అని అరిచేవాడు. 1963లో ఎన్టీఆర్, ఏఎన్నార్ అదే కథను తెరమీద ఆడినప్పుడూ జనం కొత్త ముగింపు కోసం వెళ్లలేదు. ఇద్దరి మాటా చెల్లాల్సిందే, రెండూ చెల్లే దారి లేదు. చూసేవాణ్ణి కూర్చోబెట్టేది ఆ బిగువే.

ఈ కొలబద్దతో చూస్తే ‘రా’లో, అదే కంపెనీ నడిపే ‘స్మాక్‌డౌన్’లో ఏది పండిందో, ఏది తేలిపోయిందో తెలుస్తుంది. తండ్రి డస్టీ రోడ్స్‌కు దక్కని ఛాంపియన్ బెల్టు కోసం కోడీ రోడ్స్ 2022లో తిరిగొచ్చాడు. కంపెనీ ఏటా జరిపే పెద్ద వేడుక రెజిల్‌మేనియాలో 2023లో ఓడాడు. 2024 ఏప్రిల్‌లో రోమన్ రెయిన్స్ 1316 రోజుల ఏలుబడికి ముగింపు పలికాడు. గెలుస్తాడని చాలామంది ముందే అనుకున్నారు. అయినా ఆ విజయం గొప్పగా పండింది, ఎందుకంటే అతనికది ఎందుకు కావాలో రెండేళ్లపాటు చెబుతూనే వచ్చారు. జాన్ సీనా విషయంలో ఆ శ్రద్ధ కనబడదు. ఇరవై ఏళ్లకు పైగా మంచివాడిగా నిలిచిన మనిషిని 2025 మార్చి 1న టొరంటోలో విలన్‌ను చేశారు. ఆ మార్పు వెనక నిలబడ్డ మరో రెజ్లర్ రాక్, రెజిల్‌మేనియాలో కనబడనే లేదు. ఆగస్టుకల్లా సీనా మళ్లీ మంచివాడైపోయాడు. పదిహేడో టైటిల్ రికార్డే, కాదనను. కానీ ఆ మనిషి ఎందుకు చెడ్డాడో, ఎందుకు బాగుపడ్డాడో నమ్మేలా చెప్పకుండా ఇంత పెద్ద మలుపును ఖర్చు చేసేయడం అన్యాయం.

మనవాళ్ల విషయంలోనూ ఇదే తప్పు. 2017 ఏప్రిల్ దాకా వరసగా ఓడుతూ వచ్చిన భారత సంతతి జిందర్ మహల్‌ను మే 21 కల్లా ఛాంపియన్‌ను చేశారు. భారత మార్కెట్ కోసమేనని అందరికీ అర్థమైంది. నవంబరుకల్లా బెల్టు పోయింది. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో, మన కోనసీమ బిడ్డ బాలయోగి పేరున్న స్టేడియంలో, భారతీయుల జోడీ ఇండస్ షేర్‌ను కెవిన్ ఓవెన్స్, సామీ జేన్‌ల మీద పోరుకు నిలబెట్టారు. ఆ గెలుపు వాళ్లకు ఎంత అవసరమో అంతకుముందు వారాల తరబడి చెప్పింది లేదు. తలపాగా చూస్తేనే చప్పట్లు కొడతామనుకోవడం మన ప్రేక్షకుణ్ణి తక్కువ చేయడమే.

నాటకం ఒకసారి రాస్తే చాలు, వారపు కార్యక్రమానికి సెలవుండదు, మధ్యలో గాయాలవుతాయి, కథలు మారిపోతాయి అంటారు. గాయాల మాట ఒప్పుకోవాలి. 1998లో పదహారడుగుల ఎత్తునుంచి పడ్డ రెజ్లర్ మిక్ ఫోలీ ఒంటికి తగిలిన దెబ్బ ఎవరూ రాసింది కాదు. కానీ వారం వారం సమయం దొరకడం నాటకానికి లేని వరం. రెయిన్స్ ముఠాలో చేరాలని తపించిన సామీ జేన్ 2023 జనవరిలో అతని మీదే కుర్చీ ఎత్తడానికి నెలల తరబడి దారి వేశారు. అది చేసి చూపించినవాళ్లే ఇప్పుడు తీరిక లేదంటే ఒప్పుకోను. హైదరాబాద్‌కు మళ్లీ వస్తే, టిక్కెట్ల కన్నా ముందు ఇక్కడ తేలాల్సిన తగవును ‘రా’లో మొదలుపెట్టాలి.