ఊరుమ్మడి సైకిలు

1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే కుర్రకారు బృందం కొన్ని పాత సైకిళ్లకు తెల్లరంగు పూసి, తాళం వేయకుండా వీధుల్లో వదిలింది. ఎవరైనా ఎక్కొచ్చు, పని తీరాక ఎక్కడైనా వదిలేయొచ్చు. ఆలోచన లూడ్ స్కిమ్మెల్‌పెన్నింక్‌ది. నగరం నడిబొడ్డులోకి కార్లు రాకూడదు, బదులుగా మునిసిపాలిటీ ఏటా 20,000 తెల్ల సైకిళ్లు కొని జనానికి వదిలేయాలి. ఇదీ ఆయన లెక్క.

దొంగల కన్నా ముందే పోలీసులొచ్చారు. సైకిలుకు తాళం వేయకపోవడం అక్కడ చట్టరీత్యా తప్పట! బండ్లు ఎత్తుకెళ్లారు. ప్రోవోలూ తక్కువ తినలేదు. అంకెల తాళాలు బిగించి, ఆ అంకెలు బండి మీదే రాసిపెట్టారు. నవ్వుకోడానికి బాగుంది గానీ, నగరపాలకులు పథకానికి ఒప్పుకోలేదు.

సైకిలు రూపం 1885లో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్‌తోనే దాదాపు స్థిరపడింది. పదిమందీ పంచుకునే సైకిలుకు ఎలాంటి తాళం ఉండాలన్నది మాత్రం ప్రోవోల తర్వాత ముప్పై ఏళ్లకు పైగా తేలలేదు. ఈ బండి చరిత్రంతా నిజానికి తాళం చరిత్రే.

1995లో కోపెన్‌హాగన్ ఓ ఉపాయం పట్టింది. 20 క్రోనర్ల నాణెం వేస్తే సైకిలు ఊడి వస్తుంది, తిరిగి ఏదో ఒక స్టాండులో పెడితే నాణెం చేతికొస్తుంది. గాలి అక్కర్లేని గట్టి టైర్లు వేశారు. విప్పుకుపోయినా మరో బండికి అతకని విడిభాగాలు వాడారు. అయినా బండ్లు పోతూనే ఉన్నాయి. వేసింది ఎవరో నాణెం చెప్పదు కదా! 20 క్రోనర్లకు సైకిలంటే చేదా?

గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చిన మన ఊళ్ల షాపులవాళ్లకు ఈ చిక్కు లేదు. మడ్‌గార్డు మీద నంబరు, నోటుబుక్కులో పేరు, తీసుకెళ్లిన టైము. కుర్రాడు ఎవరి అబ్బాయో షాపాయనకు తెలుసు, తెలియకపోతే బండి ఇవ్వడు. ముక్కూమొహం తెలియని లక్షలమంది ఉన్న నగరంలో ఆ నోటుబుక్కు పని ఎవరు చేయాలి? 1998లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరం దాన్ని కార్డుకు అప్పగించింది. కార్డు పెడితేనే బండి కదులుతుంది, ఎవరు తీశారో కంప్యూటరులోకి ఎక్కుతుంది. 2005లో లియోన్, 2007 జులై 15న పారిస్ ఆ బాటే పట్టాయి.

వెలిబ్ అనే ఈ పారిస్ పథకంలో తొలినాళ్లలో మొదటి అరగంట ఉచితంగా ఉండేది. అప్పటి బండి బరువు 22 కిలోలు, అసలు తంటా అక్కడే. మొంమార్త్ర్ గుట్ట మీద నుంచి దిగడానికి అందరూ సిద్ధమే, ఎక్కడానికి ఎవరూ రారు. పల్లంలో స్టాండ్లు కిక్కిరిసేవి, గుట్ట మీద ఖాళీ. లారీల్లో మోయించడం ఓ పక్క సాగుతుండగానే, బండిని ఎత్తు ప్రదేశాల స్టాండ్లకు చేర్చినవాళ్లకు 15 నిమిషాలు అదనంగా ఇచ్చారు. పారిస్ జనం తమంతట తామే ఇంకో అలవాటు చేసుకున్నారు. బండి పాడైతే సీటు వెనక్కి తిప్పి పెడతారు, తర్వాత వచ్చేవాడు దాని జోలికి పోడు. ఏ ఇంజనీరూ గీయని భాగం అది.

మన దేశంలో మైసూరు 2017లో ట్రిన్ ట్రిన్ పేరుతో 450 సైకిళ్లు పెట్టి, ఈ కార్డు పద్ధతినే ఎంచుకుంది.

అప్పటికే చైనాలో తాళం స్టాండును వదిలి చక్రానికి చేరిపోయింది. ఫోనుతో తెరవడం, దిగినచోట వదలడం. ఓఫో అనే కంపెనీ పసుపు సైకిళ్ల తొలి తాళాల్లో అంకెలు ఎప్పటికీ మారేవి కావు. ఒకసారి తెలుసుకున్నవాడు గుర్తుపెట్టుకుని మర్నాడు ఉచితంగా తిరిగాడు. ప్రోవోలు సరదాకు చేసింది ఇక్కడ కోట్ల పెట్టుబడితో జరిగింది! పోటాపోటీగా దించిన బండ్లు కాలిబాటలు ముంచెత్తాయి, షియామెన్‌లాంటి నగరాల్లో గుట్టలుగా పేరుకున్నాయి. 2018 డిసెంబరులో తాము కట్టిన డిపాజిట్లు వెనక్కివ్వమంటూ బీజింగ్‌లోని ఓఫో ఆఫీసు ముందు జనం బారులు తీరారు. భారత్‌కూ వచ్చిన ఆ కంపెనీ అదే ఏడాది ఇక్కడి నుంచి సర్దుకుపోయింది.

ఇప్పుడు చైనా నగరాల్లో కాలిబాటల మీద సైకిళ్ల కోసం గీతలు గీసి ఉంటాయి. ఈ సైకిళ్లకు ఇనుప స్టాండ్లు లేవు, వాటి చోటు మాత్రం తిరిగొచ్చింది. గీత బయట వదిలితే ఫోనులో అదనపు రుసుము పడుతుంది.