చిక్కు లెక్కలు విప్పేదెట్లా?

లెక్కల పీరియడంటే వెనుక బెంచీ వెతుక్కునే నేను చిక్కు లెక్కల మీద రాస్తున్నానంటే మా తరగతి మిత్రులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. దారిలో రాళ్లెక్కడున్నాయో దెబ్బ తగిలినవాడికే తెలుస్తుంది గదా!

పోయిన వేసవిలో ఒక ఉద్యోగ పరీక్ష రాశాను. అందులో ఒక ప్రశ్న: కబడ్డీ పోటీలో 37 జట్లున్నాయి. ఓడిన జట్టు ఇంటికే. విజేత తేలడానికి ఎన్ని ఆటలు జరగాలి? నేను జతలు కట్టాను. 18 ఆటలు, ఒక జట్టు మిగులు. తర్వాత 9 ఆటలు, మళ్లీ మిగులు... కాగితం నిండింది, పది నిమిషాలు పోయాయి, ఆఖరుకు తప్పే రాశాను. రెండు మార్కుల్లో ఉద్యోగం చేజారింది. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలు దిగి ఇల్లు చేరేదాకా ఒకటే బాధ: లెక్కలు మనవంటోళ్లకు రావు.

ఇంట్లో నాయినమ్మ తునికాకు కట్ట కడుతోంది. బడి మొహం చూడని మనిషి; కట్టకు యాభై ఆకులు మాత్రం తప్పదు. నా గోడు విని, "పులీ మేకా లెక్క యాదికున్నదారా?" అంది.

మీకందరికీ తెలిసిందే. పులి, మేక, గడ్డిమోపు వాగు దాటాలి. పడవలో మనిషితోపాటు ఒక్కదానికే చోటు. మనిషి లేకుంటే పులి మేకను, మేక గడ్డిని తింటాయి. చిన్నప్పుడు మేకను దాటించి, అక్కడే ఆగిపోయేవాణ్ణి. అప్పుడామె, "తీస్కపోయినదాన్ని మళ్ల ఎన్కకు తేవద్దని ఎవలన్నరు కొడకా?" అనేది. అంతే! పులిని దాటించి మేకను వెనక్కు తేవాలి. గడ్డిని దాటించి, చివరికి మళ్లీ మేకను. రాకపోకలు ఏడు. ఇదే చిక్కు తోడేలు, మేక, క్యాబేజీలతో ఐరోపాలో ఆల్క్విన్ పేర చెప్పే 8వ శతాబ్దపు లెక్కల్లోనూ ఉంది.

మొదటి సూత్రం ఇదే: లెక్కలో లేని నిబంధనను మన మనసే పెట్టుకుంటుంది. ప్రశ్న మళ్లీ చదివి దాన్ని పట్టుకోవాలి.

రెండవది, చివరినుంచి రావడం. భక్తుడొకడు కొన్ని పూలు తెచ్చాడు. కోనేట ముంచితే పూలు రెట్టింపవుతాయి. మూడు గుళ్లు, ప్రతి గుడి ముందూ ఒక కోనేరు. ప్రతి గుడిలో సమానంగా పెట్టాడు, ఏమీ మిగల్లేదు. చివరి గుడిలో 8 పెట్టాడనుకోండి. మునిగే ముందు 4. రెండో గుడికి ముందు 4కు 8 కలిపి 12, అందులో సగం 6. మొదటి గుడికి ముందు 14, అందులో సగం 7. తెచ్చినవి ఏడు పూలు! నాలుగు గుళ్లయితే ఎన్నో మీరే చూడండి.

మూడవది, పెద్ద లెక్కను చిన్నది చేసి చూడడం. చదరంగపు గళ్లలో ఒకటి, రెండు, నాలుగు చొప్పున రెట్టిస్తూ గింజలు పోస్తే 64 గళ్లకు మొత్తమెంత? రెండు గళ్లకు 3, మూడింటికి 7, నాలుగింటికి 15. ప్రతిసారీ తర్వాతి గడికి వచ్చేదానికంటే ఒకటి తక్కువ. ఈ దారినే వెళితే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. ఈ ఇరవై అంకెల సంఖ్యను మన పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే తెలుగు పద్యంలో బిగించాడు. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెనిగించిన కవి ఆయనే. లెక్కలు మనవి కావని ఎవరన్నారు?

ఇక నా కబడ్డీ. గెలిచేవాళ్లను లెక్కపెట్టాలని ప్రశ్న చెప్పలేదు, నేనే అనుకున్నాను. ఓడేవాళ్లను చూస్తే? ఒక్కో ఆటకు ఒక్క జట్టు పోతుంది. 37లో 36 పోవాలి. కనుక 36 ఆటలు. అర నిమిషం పని!

మళ్లీ పరీక్ష రాయబోతున్నాను. కలం ఎత్తేముందు ఈసారి ప్రశ్నను రెండుసార్లు చదువుతాను.