వారానికి ఒక్కనాడే!

ఆదిలాబాదులో ఉన్న మా మేనకోడలికి లూపస్ జబ్బు. ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటిమీద తిరగబడుతుందన్నమాట. ఒక్కొక్కప్పుడు నెత్తురు తయారయ్యే ఎముకల మూలుగనూ వదలదు. 1948లో అమెరికాలో డాక్టర్ హార్‌గ్రేవ్స్ బృందం ఈ జబ్బు జాడ తెలిపే కణాన్ని చూసిందీ మూలుగలోనే.

కీళ్ళనొప్పులకు అమ్మాయికి మెథోట్రెక్సేట్ రాశారు. సెలవులకు కరీంనగరులో మా ఇంటికి వచ్చింది. మాత్రలిచ్చే పని నాది. వారానికి ఒకనాడు వేయవలసిన మందును రోజూ వేశాను. తెలుగు ఎం.ఏ. చదివి, పిల్లల తప్పులు దిద్దే పంతుల్ని. చీటీ సరిగా చదవలేదు!

వారం తిరిగేసరికి నోటినిండా పుండ్లు, జ్వరం. హైదరాబాదు తీసుకువెళ్ళాం. తెల్లకణాలు పడిపోయాయి. జబ్బే మూలుగను పట్టిందనుకున్నాను. "జబ్బయితే స్టెరాయిడ్లు పెంచాలి. ఇది మందు చేసిన పని, ఆపాలి" అన్నారు డాక్టరు. ఆపి, ఫోలినిక్ ఆమ్లం ఇచ్చారు. మూలుగ తేరుకుంది.

ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిందీ, తరువాత మెథోట్రెక్సేట్‌ను తయారుచేసిందీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలోని పరిశోధనశాలే. ఫోలినిక్ ఆమ్లం ఫోలిక్ ఆమ్లానికి మరో రూపం. మందూ విరుగుడూ ఒకింటి బిడ్డలే!

మీ ఇంట్లో ఈ మాత్ర ఉంటే చీటీమీద వారం పేరు రాయించుకోండి. నెత్తురు పరీక్షలు మానకండి. మా అమ్మాయి ఇప్పటికీ మాత్ర చేతిలో పెట్టుకొని అడుగుతుంది: "మామయ్యా, ఇవాళ మంగళవారమేనా?"