ఇరవై సెన్ల ఎమ్మెల్యే

బటాంగ్ బెర్జుంటై (మలేషియా): కౌలాలంపూర్‌కు దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ ఊరు. ఇప్పుడు బోర్డుల మీద బెస్తారి జయ అని కనిపిస్తుంది గానీ పాతవాళ్ల నోట పాత పేరే. ఇక్కడి తెన్నమరం ఎస్టేట్‌లోనే 1917లో దేశంలో మొదటిసారి వ్యాపారానికి పామాయిల్ తోట వేశారు. (తమిళంలో తెన్నమరం అంటే కొబ్బరిచెట్టు. పేరు దానిది, పేరొచ్చింది దీనికి!) తగరం తవ్వి వదిలేసిన గుంతలు ఇప్పుడు చెరువులు. ఈ ప్రాంతంలోని ప్లాంట్లలోనే సెలంగోర్ నది నీటిని శుద్ధి చేసి మాలాంటి నగరవాసుల ఇళ్లకు పంపుతారు.

2020 సెప్టెంబరులో రవాంగ్ దగ్గర ఒక ఉపనదిలో వ్యర్థాలు కలిశాయి. నాలుగు ప్లాంట్లు ఆపేశారు. సుమారు 12 లక్షల కనెక్షన్లకు నీళ్లు బంద్. మా అపార్ట్‌మెంట్‌లో ఏ ఇంట్లోనూ బిందె లేదు. బకెట్లతో ట్యాంకర్ ముందు నిలబడ్డాం. "ఎవర్ని అడగాలి నాన్నా?" అన్నాడు మా అబ్బాయి.

రాష్ట్ర అసెంబ్లీని అడగాలి. ఇక్కడ భూమి, అడవులు, నదులు ప్రధానంగా రాష్ట్రం చేతిలోని విషయాలు. మనం అమరావతి, హైదరాబాద్ రాజకీయాలు రాత్రంతా మాట్లాడుకుంటాం గానీ, మన నీళ్ల సంగతి తేల్చే షా ఆలం అసెంబ్లీలో ఎవరున్నారో పట్టించుకోం.

అక్కడ పర్యావరణం పేరు చెప్పగానే గుర్తొచ్చే మనిషి ఎలిజబెత్ వాంగ్. మానవ హక్కుల ఉద్యమం నుంచి వచ్చి, 2008లో పీకేఆర్ తరఫున బుకిట్ లంజన్ నుంచి గెలిచారు. 2013లో, 2018లో మళ్లీ గెలిచారు. మొదటి పదేళ్లూ రాష్ట్ర ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో పర్యావరణ శాఖ చూశారు. మన రాష్ట్ర మంత్రి లాంటి పదవే అది. ఆమె హయాంలోనే 2010 జనవరి నుంచి శనివారాలు ప్లాస్టిక్ సంచికి 20 సెన్లు వసూలు చేయడం మొదలైంది. 2017 జనవరి 1 నుంచి అది రోజూ అమలైంది, థర్మోకోల్ భోజనం డబ్బాలూ నిషేధించారు. ఇరవై సెన్లకు పెద్ద విలువేం లేదు. అయినా సూపర్‌మార్కెట్‌కి గుడ్డసంచి పట్టుకెళ్లడం మా ఇంట్లో అలవాటైంది ఆ చిల్లర వల్లే.

నన్నడిగితే, ఆమె చేసిన అసలు పని పదవి పోయాకే. 2020లో సెలంగోర్ ప్రభుత్వం కౌలా లంగట్ ఉత్తర రిజర్వ్ అడవిలో 931 హెక్టార్లను అటవీ జాబితా నుంచి తొలగించాలని ప్రతిపాదించింది. అది పీట్ నేల. తేమ ఆరితే నేలే కాలుతుంది, ఊళ్ల మీద పొగ కమ్ముతుంది. ఆ అడవిని నమ్ముకున్న తెమువాన్ ఆదివాసులు వద్దన్నారు. పర్యావరణ సంఘాలూ వద్దన్నాయి. అధికార కూటమి సభ్యురాలై ఉండి వాంగ్ కూడా వద్దన్నారు. సొంత ప్రభుత్వానికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో మనకు కొత్తగా చెప్పాలా? ఆ గెలుపు ఆమె ఒక్కరిదే కాదు గానీ, 2021 సెప్టెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

2023 ఎన్నికల్లో ఆమె పోటీ చేయలేదు. ఇక్కడి పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లకు ఓటుంది. వర్క్ పాస్ మీదున్న మాకు లేదు, నీళ్ల బిల్లు మాత్రం వస్తుంది. ఈమధ్య మా రెసిడెంట్స్ మీటింగ్‌లో లిఫ్టు, పార్కింగ్‌ల తర్వాత నది సంగతి కూడా ఎజెండాలో పెట్టించాం. ఎమ్మెల్యే ఆఫీసుకు రాయాల్సిన ఉత్తరం రాస్తున్నాను.